ఆకుకూరల ఎక్స్‌ఎల్ బండి పట్టుకుపోయారు, 30 చలాన్లట. కార్లను ఎందుకు ఆపరు?

మేనల్లుడు_కూకట్‌పల్లి
మంగళవారం పొద్దున మా మేనమామ బండిని ట్రాఫిక్ వాళ్లు పట్టుకుపోయారు. పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్. 2022 ఆగస్టులో సెకండ్ హ్యాండ్‌లో పదకొండు వేలకు కొన్నాడు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయి ఆకుకూర కట్టలు వేసుకొచ్చి, పదింటి దాకా మా కాలనీల్లో తిరిగి అమ్ముతాడు. బండి మీద 30 చలాన్లు పెండింగ్ ఉన్నాయి, మొత్తం 9,850 కట్టి తీసుకుపో అన్నారట. అంటే ఇంకో వెయ్యి వేస్తే అలాంటి బండే ఇంకోటి వస్తుంది.

మామ బతిమాలితే గంపలు మాత్రం దించుకోనిచ్చారు. రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని కూర్చున్నాడు. నేను పర్మిషన్ పెట్టి పదకొండుకు వెళ్లేసరికి పాలకూర నల్లబడిపోయింది, కొత్తిమీర తల వేలాడేసింది. గోంగూర ఒక్కటే కాస్త ప్రాణంతో ఉంది. తన వాటర్ బాటిల్‌లో నీళ్లు కట్టల మీద చల్లుకుంటూ, "తప్పు నాదేలే అల్లుడూ" అంటున్నాడు.

చలాన్ ఎందుకు వేశారని నేను అడగడం లేదు. అదే రోడ్డు మీద నేను రోజూ కారులో పోతాను. పోయిన ఏడాదివి నా కారు మీద కూడా పన్నెండు పెండింగ్ ఉన్నాయి. ఒక్కసారి కూడా నన్ను ఆపి అడిగినవాళ్లు లేరు. మామ బండిని మాత్రం గల్లీ చివర కాపు కాసి పట్టుకున్నారు. మీ ఏరియాల్లో కూడా ఇంతేనా? బండి ఎలా విడిపించాలి?

రూల్_ఈజ్_రూల్
30 సార్లు తప్పు చేసినవాడికి జాలి ఏంటి బ్రదర్? మొదటిది వచ్చినప్పుడే 135 కట్టి హెల్మెట్ కొనుక్కుంటే ఇంత దూరం వచ్చేది కాదు. పేదవాడైతే సిగ్నల్ జంప్ చేయొచ్చా?

మీటర్_డౌన్
వచ్చాడండీ బాబూ.

మేనల్లుడు_కూకట్‌పల్లి
రూల్ గారూ, ఆ మొదటిది వచ్చినట్టు ఆయనకు తెలిస్తే కదా. ఆర్‌సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంది. మెసేజ్‌లన్నీ ఆయన నంబర్‌కే పోతాయి. మామ దగ్గర ఉన్నది బటన్ ఫోన్. ఇప్పుడు సైట్‌లో చూస్తే 135వి 24, 1,035వి నాలుగు, ట్రిపుల్ రైడింగ్ అని 1,235వి రెండు ఉన్నాయి. 135ల్లో ఆరు 2021 నాటివి. అప్పటికి మామ ఈ బండి మొహం కూడా చూడలేదు.

హారన్_ఓకే
ట్రిపుల్స్ ఎవరు? మామ, పాలకూర, గోంగూరనా?

మేనల్లుడు_కూకట్‌పల్లి
అత్తను, చిన్నదాన్ని ఎక్కించుకుని బోనాలకు పోయాడులెండి. అది నిజమే, ఒప్పుకుంటాం.

గల్లీ_లాయర్
ముందు ఆ 30 ఫోటోలు ఒక్కొక్కటీ తెరిచి పెద్దది చేసి చూడు తమ్ముడూ. నంబర్ ప్లేట్ మీద బురద ఉంటే 3ని 8 అని, బీని 8 అని కొట్టేస్తుంటారు. వేరేవాడి బండి అయితే ప్రింట్ తీసుకెళ్లి చూపించు, తీసేస్తారు.

రెండోది. మోటారు వాహనాల చట్టంలో బండిని స్వాధీనం చేసుకునే అధికారం 207వ సెక్షన్‌లో ఉంది. లైసెన్స్ లేకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకుండా తిప్పడం లాంటివాటికి అది. పాత చలాన్లు బాకీ ఉన్నాయన్న మాట ఆ సెక్షన్‌లో నేనైతే ఎక్కడా చదవలేదు. కాబట్టి బండి ఏ సెక్షన్ కింద పట్టుకున్నారో రాసి ఇమ్మని మర్యాదగా అడుగు. గొంతు పెంచకు. అడ్వాన్స్‌గా కాళ్లు కూడా పట్టుకోకు.

మూడోది. కెమెరాతో పట్టుకున్న కేసులకు 2021లో కేంద్రం 167ఏ అని కొత్త రూల్ పెట్టింది. తప్పు జరిగిన పదిహేను రోజుల్లోపు నోటీసు పంపాలి, చలాన్ తేలేదాకా ఆ ఫోటో రికార్డు దాచాలి. నోటీసు పాత ఓనర్ ఫోన్‌కే పోతే దాన్ని "పంపాం" అనే అంటారు. అందుకే అసలు జబ్బు ఆర్‌సీ మార్చుకోకపోవడం దగ్గర ఉంది. మామకు లైసెన్స్ ఉందా?

మేనల్లుడు_కూకట్‌పల్లి
ఉంది సార్. నేనే దగ్గరుండి తీయించాను. ఇన్సూరెన్స్ కూడా కట్టాను.

గల్లీ_లాయర్
అయితే సగం గట్టెక్కినట్టే. మిగతా సగం స్టేషన్‌లో కూర్చున్నాయన మూడ్‌ని బట్టి.

బతుకు_సెకండ్‌హ్యాండ్
ఆర్‌సీ మార్చుకోవాలని మాకు మాత్రం తెలియదా సార్? అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో చెప్పాలి, కొన్నవాడు ముప్పై రోజుల్లో మార్చుకోవాలి, 29, 30 ఫారాలు కావాలి, అన్నీ తెలుసు. నేను కొన్న బండికి ఫైనాన్స్ ఉండేది. డబ్బు తీరిపోయింది కానీ బాకీ లేదని ఇచ్చే ఎన్‌ఓసీ తీసుకోలేదు. ఆ ఫైనాన్స్ ఆఫీసు ఉన్న బిల్డింగ్‌లో ఇప్పుడు బిర్యానీ సెంటర్ నడుస్తోంది. ఎవరిని అడగాలి, బిర్యానీ మాస్టర్‌నా? పది పదిహేను వేల బండ్లన్నీ ఇలాగే నాలుగు చేతులు మారి వస్తాయి. కాగితాలు రెండో చేతి దగ్గరే ఆగిపోతాయి.

రూల్_ఈజ్_రూల్
కాగితాలు లేని బండి కొనడం కూడా తప్పే కదా. రేపు ఆ బండితో ఎవరినైనా గుద్దితే బాధ్యత ఎవరిది? నేను పోలీసులను వెనకేసుకురావడం లేదు. మా కాలనీ రోడ్డులో రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లలో సగం మంది ఇలా సరుకులు వేసుకొచ్చే టూవీలర్లే. మా నాన్నగారిని అలాంటి బండే గుద్దింది. తొంటి ఎముక విరిగింది. ఆపకుండా పోయాడు. నంబర్ పట్టుకుని పోతే ఓనర్ పేరు మీదున్నాయన ఎప్పుడో అమ్మేశానన్నాడు. మా కేసు అక్కడే ఆగింది. దీనికేమంటారు?

బతుకు_సెకండ్‌హ్యాండ్
అది బాధాకరం సార్. దానికి ఎదురు మాట లేదు.

రిటైర్డ్_హోంగార్డు
ట్రాఫిక్‌లో పదకొండేళ్లు ఎండలో నిలబడ్డాను, నాకు తెలిసింది చెప్తాను. నేను చేసిన చోట టార్గెట్ అని కాగితం మీద ఎప్పుడూ రాయలేదు. సాయంత్రం వైర్‌లెస్ సెట్‌లో మాత్రం "నీ పాయింట్‌లో ఎన్ని?" అని అడిగేవాళ్లు. ఐదు అంటే తిట్లు. యాభై అంటే "ఊఁ" అని పెట్టేసేవాళ్లు. ఆ "ఊఁ" కోసం ఎక్కడ నిలబడితే యాభై వస్తాయో అక్కడే నిలబడతాం. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య లేబర్ పోయే దారి, గల్లీ మెయిన్ రోడ్డులో కలిసే మలుపు. అక్కడ బండి స్పీడ్ ఉండదు, తిప్పుకుని పోయే సందు ఉండదు.

కారును ఎందుకు ఆపరు అంటారా? ఫ్లైఓవర్ దిగి అరవై స్పీడ్‌లో వచ్చేదాని ముందుకు ఎవడు దూకుతాడు? ఆపినా అద్దం దించడు. దించితే ఫోన్ మన చేతికి ఇస్తాడు, "అన్న మాట్లాడతాడు" అని. ఆ అన్న ఎవరో తెలిసేసరికి వెనక హారన్లు. ఎక్స్‌ఎల్ వాడు అలా కాదు. చెయ్యి చూపించగానే దిగుతాడు, తాళం తీసి వాడే ఇస్తాడు. నేను అడగకముందే తాళం చేతిలో పెట్టినవాళ్లు ఎంతమందో.

నేనూ చేశాను. కాదని చెప్పను.

మీటర్_డౌన్
అన్నా, ఈ సైట్‌లో మొదటిసారి ఒక ఖాకీ నిజం మాట్లాడింది. లైక్ కొట్టే బటన్ ఎక్కడ?

రిటైర్డ్_హోంగార్డు
హోంగార్డు ఖాకీ వేరు తమ్ముడూ. మాదీ రోజుకూలీయే. నా స్కూటీ మీద కూడా రెండు చలాన్లు ఉండేవి.

నైట్‌డ్యూటీ_నర్స్
క్యాజువాలిటీలో పనిచేస్తాను. హెల్మెట్ విషయంలో రూల్ గారి వైపే నేను. తల పగిలి వచ్చినవాళ్లలో డబ్బున్నవాడు, లేనివాడు అని తేడా ఉండదు. లేనివాడైతే ఇంటిల్లిపాదీ రోడ్డున పడుతుంది, అంతే తేడా.

కానీ మేనల్లుడు గారు రాసిన లెక్కలో నాకు ఒకటి గుచ్చుకుంది. 135వి 24 అన్నారు. పాత ఓనర్‌వి ఆరు తీసేస్తే 18. అంటే హెల్మెట్ లేకుండా ఆయన తల 18 సార్లు కెమెరాలో పడింది. వెనక నుంచి ఫోటో తీశారు, వదిలేశారు. అదే తలతో ఆయన ఇంకో పది కిలోమీటర్లు పోయాడు. ఆ 18 సార్లలో ఒక్కసారి ఆపి "పెద్దాయనా, హెల్మెట్ పెట్టుకో, ఇక్కడిదాకా నడిపించుకుపో" అన్నా ఆయన ఆ రోజే కొనేవాడేమో. ప్రాణం కోసమైతే మొదటి రోజే ఆపాలి. డబ్బు కోసమైతే పోగయ్యాక ఆపాలి. వీళ్లు ఎప్పుడు ఆపారో చూడండి.

గల్లీ_లాయర్
సిస్టర్, మా బార్‌లో కూడా ఇంత సూటిగా ఎవరూ వాదించరు.

డెలివరీ_కుర్రోడు
నర్సక్క చెప్పింది కరెక్ట్. నా కేసు వినండి. హోటల్ ముందు పార్కింగ్ లేదు. ఆర్డర్ తీసుకోవడానికి రెండు నిమిషాలు బండి పెట్టి లోపలికి పోతాను. నో పార్కింగ్ ఫోటో. హోటల్‌కు పార్కింగ్ లేకుండా పర్మిషన్ ఇచ్చినవాడికి ఏమీ లేదు, హోటలోడికి ఏమీ లేదు, యాప్ కంపెనీకి ఏమీ లేదు. ఆర్డర్‌కు నాకు వచ్చేది ముప్పై, నలభై. చలాన్‌లో ఫైన్ పక్కన "యూజర్ ఛార్జీలు 35" అని వేస్తారు చూడండి, నా ఒక ఆర్డర్ అక్కడికే పోయింది. అసలు ఫైన్ ఇంకా మొదలే కాలేదు.

హారన్_ఓకే
యూజర్ ఛార్జీలా? మనం ఏం యూజ్ చేసుకున్నట్టు?

డెలివరీ_కుర్రోడు
వాళ్ల కెమెరా భయ్యా. ఫోటో బాగా వచ్చింది, డీపీ పెట్టుకున్నా.

మీటర్_డౌన్
ఇక ఆటోల సంగతి నేను చెప్తా, ఇరవై రెండేళ్లుగా హ్యాండిల్ పట్టుకున్నా. హైదరాబాద్‌లో మీటర్ రేటు చివరిసారి పెంచింది 2014లో. మొదటి 1.6 కిలోమీటర్లకు 20, ఆపైన కిలోమీటర్‌కు 11. గ్యాస్ అప్పుడెంత, ఇప్పుడెంత? ఆ రేటుకు ఎవడూ నడపలేడు. నడపకపోతే మీటర్ వేయలేదని కేసు. స్టేషన్ దగ్గర ఆగితే అడ్డా అని కేసు, ఆగకపోతే ప్యాసింజర్ ఎక్కడు. ఆటో స్టాండ్ అని బోర్డు ఉన్న చోట కార్లు పార్క్ చేసి ఉంటాయి. దాన్ని ఫోటో తీసినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇంకో కథ. గడువు దాటితే రోజుకు 50 చొప్పున ఎక్కువ కట్టాలని 2016 చివర్లో కేంద్రం రూల్ తెచ్చింది. లాక్‌డౌన్‌లో అప్పులై మా దోస్తు బండి ఏడాదికి పైగా షెడ్డులోనే పెట్టాడు. రోడ్డు ఎక్కని బండికి రోజుకు యాభై! ఆ డబ్బు చూసి ఫిట్‌నెస్ చేయించడానికి భయం, చేయించకుండా రోడ్డెక్కితే సీజ్. చివరకు తుక్కుకు అమ్మేసి ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా ఉన్నాడు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక మిగిలిన గిరాకీ కూడా పోయింది. ఆ స్కీమ్‌ను తప్పు పట్టను, మా ఇంట్లో ఆడవాళ్లూ ఎక్కుతున్నారు. కానీ సంపాదన తగ్గింది, చలాన్ తగ్గలేదు.

రూల్_ఈజ్_రూల్
2014 రేటు అని చెప్పి కిలోమీటర్‌కు ఎంత అడుగుతున్నారో కూడా రాయండి సార్. వాన పడితే రెండింతలు.

మీటర్_డౌన్
అడుగుతాం. దాచేదేముంది. పెంచి ఇవ్వండి, మీటర్ వేస్తాం.

జగ్గయ్యపేట_సత్తి
మీ 135 చూసి మాకు కుళ్లొస్తోందండి. మా ఆంధ్రాలో 2025 మార్చి నుంచి పెంచిన జరిమానాలు అమలు చేస్తున్నారు. హెల్మెట్ లేకపోతే వెయ్యి. మిరప కోతలకు పోయే కూలోళ్లు రోజంతా వంగితే వచ్చేదానికి డబల్ అది. మా ఊరి నుంచి కోదాడ ఎంతోదూరం లేదు. గరికపాడు చెక్‌పోస్టు దాటితే అదే బుర్ర, అదే బండి, రేటు మాత్రం వేరు. ఇటోళ్లకి బుర్ర ఖరీదెక్కువని మా మావయ్య జోకు.

గల్లీ_లాయర్
సత్తి గారూ, అది జోకు కాదు. 2019లో చట్టం సవరించి సెప్టెంబర్ 1 నుంచి దేశమంతా జరిమానాలు పెంచారు. కాంపౌండింగ్, అంటే కోర్టుకు పోకుండా కట్టేసే మొత్తం, ఎంతో తేల్చుకునే వీలు రాష్ట్రాలకు ఉంది. తెలంగాణ పాత రేట్లనే నడిపించింది. గుజరాత్ వెంటనే హెల్మెట్ ఫైన్ వెయ్యి నుంచి 500కు దించింది. పెంచిన మొదటి వారంలోనే భువనేశ్వర్‌లో ఒక ఆటో డ్రైవర్‌కు అన్నీ కలిపి 47,500 వేశారు. తాగి నడిపాడు, లైసెన్స్ లేదు, ఇంకా చాలా ఉన్నాయి. తప్పు తప్పే. అతను ఆ ఆటోను కొన్నది 26 వేలకు.

హారన్_ఓకే
ఆటో మీరే ఉంచుకోండి, చిల్లర ఇరవై ఒక్క వేలు బాకీ అని రాసిచ్చి వచ్చేయాల్సింది.

సెయింట్‌లూయిస్_సుబ్బు
ఇది చదువుతుంటే మా పక్క ఊరే గుర్తొస్తోంది. ఫెర్గూసన్ మా ఇంటికి ఇరవై నిమిషాలు. 2014 ఆగస్టులో అక్కడ మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి కుర్రాణ్ని పోలీసు కాల్చి చంపాక గొడవలు జరిగాయి, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత అమెరికా న్యాయశాఖ ఊరి పోలీసు, కోర్టు లెక్కలు తవ్వి 2015 మార్చిలో నివేదిక ఇచ్చింది. ఊరి ఖజానా నింపడానికి పోలీసులను వాడుకున్నారని, ఆ దెబ్బంతా ఎక్కువగా నల్లజాతి పేదల మీదే పడిందని తేల్చింది.

అందులో ఒకావిడ కేసు నేను మర్చిపోలేను. 2007లో ఒక్కసారి కారు తప్పుగా పార్క్ చేసింది. ఫైన్ 151 డాలర్లు, పైన ఫీజులు. ఆవిడ ఇల్లు కూడా సరిగా లేని మనిషి. వాయిదాలకు, కోర్టుకు వెళ్లలేకపోయినప్పుడల్లా ఇంకో ఫైన్, వారెంట్. ఆరు రోజులు జైల్లో పెట్టారు. మధ్యలో పాతిక, యాభై డాలర్లు కట్టబోతే మొత్తం కడితేనే తీసుకుంటామని తిప్పి పంపారు. 2014 డిసెంబర్ నాటికి 550 డాలర్లు కట్టింది. ఇంకా బాకీ ఎంతో తెలుసా? 541. ఆ తర్వాతే మిస్సోరీ రాష్ట్రం, ఊళ్ల ఆదాయంలో ట్రాఫిక్ ఫైన్ల వాటాకు అప్పటికే ఉన్న పరిమితిని ఇంకా తగ్గిస్తూ చట్టం చేసింది.

మా తెలుగువాళ్లు ఇక్కడ స్పీడ్ టికెట్ వస్తే ఏం చేస్తారో కూడా చెప్పాలి. లాయర్‌కు కొంత కొడితే లైసెన్స్ మీద పాయింట్లు పడని పార్కింగ్ కేసుగా మారిపోతుంది. నేనూ చేశాను. డబ్బున్నవాడికి అది ఫీజు, లేనివాడికి వారెంట్.

మేనల్లుడు_కూకట్‌పల్లి
"మొత్తం కడితేనే" అన్న మాట దగ్గర ఆగిపోయాను సుబ్బు గారూ. మామ బుధవారం మూడు వేలు పట్టుకుపోతే అదే మాట అన్నారు.

ఫిన్లాండ్‌_చలి
మా దగ్గర స్పీడ్ ఎక్కువైతే ఫైన్ నీ ఆదాయం చూసి వేస్తారు. 2023లో ఓలాండ్ దీవుల్లో ఒక పెద్ద వ్యాపారికి 1,21,000 యూరోలు పడింది. ఒక్క స్పీడ్ కేసుకే.

హారన్_ఓకే
ఇక్కడ అలా పెడితే ఊళ్లోని పెద్ద కార్లన్నీ మా అత్తగారి తెల్ల రేషన్ కార్డు మీద రిజిస్టర్ అవుతాయి.

రిటైర్డ్_హోంగార్డు
😂 అంతే. మనవాళ్లు గట్టివాళ్లు.

కారు_నాది_ఈఎంఐ_నాది
మరి డిస్కౌంట్లు ఇచ్చారు కదా? పేదవాళ్ల కోసమే కదా అవి. 2022 మార్చిలో టూవీలర్లు, ఆటోలు పావు వంతు కడితే చాలన్నారు, కార్లకు సగం. 2023 డిసెంబర్ 26 నుంచి మళ్లీ పెట్టారు, టూవీలర్లకు 80 శాతం తగ్గింపు, మాకు 60 శాతమే. తోపుడు బండ్లకు 90 శాతం. గడువు కూడా ఫిబ్రవరి దాకా పొడిగించారు. అప్పుడు కట్టుకోవాల్సింది.

హారన్_ఓకే
తోపుడు బండికి నంబర్ ప్లేట్ ఎక్కడుంటుంది సార్? తక్కెడ మీదా?

డెలివరీ_కుర్రోడు
డిస్కౌంట్ ఎవరికి తెలుస్తుంది? ఫోన్‌లో న్యూస్ చూసేవాడికి. నా రూమ్మేట్ సాఫ్ట్‌వేర్. కావాలనే రెండేళ్లు కట్టకుండా ఉండి, ఆఫర్ రాగానే అన్నీ ఒకేసారి కొట్టేశాడు, దసరా సేల్‌లో ఫ్రిజ్ కొన్నట్టు. నాలాంటోడు భయపడి వచ్చిన నెలలోనే ఫుల్లు కట్టాడు. మేనల్లుడి మామకు సంగతే తెలియదు. ముగ్గురిలో లాభం ఎవరికి?

కారు_నాది_ఈఎంఐ_నాది
హ్మ్. నేను కూడా ఆఫర్‌లోనే కట్టాను.

సెయింట్‌లూయిస్_సుబ్బు
2022 ఆఫర్‌లో దాదాపు 300 కోట్లు వచ్చిందని అప్పట్లో పేపర్లలో చదివాను. ఒకటే అడుగుతా. అందులో హెల్మెట్లకు ఎంత పోయింది?

మేనల్లుడు_కూకట్‌పల్లి
అప్‌డేట్. నిన్న రాత్రి కూర్చుని 30 ఫోటోలూ తెరిచాను. లాయర్ గారు చెప్పినట్టే అయింది. 1,035వి నాలుగింటిలో రెండు అసలు మా బండి కావు! ఫోటోలో ఉన్నది నల్ల పల్సర్. దాని నంబర్‌లో చివరి అంకె 8, మాది 3. ప్లేటు మీద 8 పక్కన గీత పడి ఉంది. ఎక్స్‌ఎల్‌కూ పల్సర్‌కూ తేడా తెలియకుండా ఎలా కొట్టారో ఆ దేవుడికే తెలియాలి.

ఇంకో ఫోటో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. హెల్మెట్ లేదని వేసిన 135. అందులో మామ దగ్గర హెల్మెట్ ఉంది. తల మీద కాదు, హ్యాండిల్‌కు తగిలించి ఉంది. దాని నిండా నిమ్మకాయలు.

నైట్‌డ్యూటీ_నర్స్
అయ్యో పెద్దాయనా!

రూల్_ఈజ్_రూల్
ఆ 135 మాత్రం న్యాయమైనదే. మీరు కూడా ఒప్పుకోవాలి.

మేనల్లుడు_కూకట్‌పల్లి
ఒప్పుకున్నాను సార్, నిమ్మకాయల సాక్షిగా.

బతుకు_సెకండ్‌హ్యాండ్
పాత ఓనర్ దొరికాడా?

మేనల్లుడు_కూకట్‌పల్లి
దొరికాడు. ఇన్నాళ్లూ మెసేజ్‌లు వస్తుంటే ఏం చేశారండీ అని అడిగితే, "బండి అమ్మేశా కదా, ఎవడి పాపం వాడిది అని డిలీట్ చేశా" అన్నాడు. 2021వి మీవే కదా అంటే కాసేపు నీళ్లు నమిలి, ఆరింటి డబ్బు 810 ఫోన్‌పేలో కొట్టాడు. 29, 30 ఫారాల మీద సంతకానికి ఆదివారం రమ్మన్నాడు. ఫైనాన్స్ లేదు, అదృష్టం.

గల్లీ_లాయర్
ఆదివారం దాకా ఆగకు, ఈ రాత్రికే పో. అమ్మినవాడి మనసు నాలుగు రోజులు ఒకేలా ఉండదు.

రిటైర్డ్_హోంగార్డు
పొద్దున పదకొండు దాటాక స్టేషన్‌కు పో తమ్ముడూ. డ్యూటీ దిగి చాయ్ తాగాక మనుషులు మెత్తబడతారు. ప్రింట్లు కలర్‌లో తీయించు. పల్సర్ ఫోటో, మీ ఎక్స్‌ఎల్ ఫోటో పక్కపక్కన పెట్టు. చట్టం సెక్షన్లు మొదటే తీయకు. తీయాల్సి వస్తే నవ్వుతూ తీయి.

మేనల్లుడు_కూకట్‌పల్లి
శుక్రవారం సాయంత్రం బండి వచ్చింది. ఎస్‌ఐ గారు ప్రింట్లు చూసి ఆ రెండూ తీసేయించారు, మర్యాదగానే మాట్లాడారు. ఏ సెక్షన్ కింద పట్టుకున్నారో రాసివ్వమని అడిగితే మాత్రం "బండి కావాలా, కాగితం కావాలా?" అన్నారు. మామ నా చెయ్యి నొక్కాడు. బండే తీసుకున్నాం.

లెక్క ఇదీ. 9,850లో పల్సర్‌వి 2,070 పోయాయి, పాత ఓనర్ 810 ఇచ్చాడు, మామకు పడింది 6,970. నేనిస్తానంటే తీసుకోలేదు. గిరిగిరి వడ్డీవాడి దగ్గర పది వేలు రాయించుకున్నాడు. చేతికి వచ్చింది ఎనిమిదిన్నర, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. నాలుగు రోజులు బేరం లేదు, రోజుకు ఆరేడు వందలు పోయినట్టే. మంగళవారం సరుకు ఎటూ మట్టిపాలు.

సెయింట్‌లూయిస్_సుబ్బు
135తో మొదలైంది చూడండి ఎక్కడికి చేరిందో.

కారు_నాది_ఈఎంఐ_నాది
నాకు ఈ గిరిగిరి సంగతి తెలియదు. పది వేలకు పదిహేను వందలు ముందే కట్ చేసుకుంటారా?

మీటర్_డౌన్
ముందే. మళ్లీ ఆదివారం కూడా వస్తాడు. వాడికి సెలవు లేదు, డిస్కౌంట్ లేదు.

రూల్_ఈజ్_రూల్
మేనల్లుడు గారూ, నా మాట మీద నేను ఉన్నాను, రూల్ అందరికీ ఒకటే ఉండాలి. అందరికీ అంటే మీ కారుకు కూడా. మీ పన్నెండు కట్టారా?

మేనల్లుడు_కూకట్‌పల్లి
మామ బండి విడిపించిన కౌంటర్‌లోనే కట్టేశాను సార్. "మీరు ఆన్‌లైన్‌లో కట్టుకోవచ్చు కదా, ఇంత దూరం ఎందుకొచ్చారు?" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. మామ పక్కనే నిలబడి ఉన్నాడు.

నైట్‌డ్యూటీ_నర్స్
హెల్మెట్ కొన్నారా, లేదా? అది చెప్పండి.

మేనల్లుడు_కూకట్‌పల్లి
కొన్నాం అక్కా, ఐఎస్ఐ మార్కుది. ఇవాళ పొద్దున పెట్టుకునే పోయాడు. ఒకటే కంప్లైంట్. "గోంగూరో, పాలకూరో" అని కేక వేస్తే లోపల ఆయన చెవుల్లోనే మోగుతోందట, బయట ఎవరికీ వినపడటం లేదట. మూడో సందులో వాళ్లు వచ్చినట్టే తెలియలేదు అన్నారట.

డెలివరీ_కుర్రోడు
బండికి మైక్ పెట్టించండి, రికార్డింగ్ తిరుగుతుంది. ఆరేడు వందల్లో వస్తుంది.

రిటైర్డ్_హోంగార్డు
వద్దు. దానికి వేరే చలాన్ ఉంది.